వంకర మూతి రేసుబండి

ఆ బండి మూతి వంకరగా ఉందని మొదట కాగితం మీద పెట్టింది నేనే. ఇంకొకరి మీదికి నెడదామన్నా కుదరదు, కింద నా సంతకం ఉంది. కుడి హెడ్‌లైటు గుంట ఎడమదానికన్నా పద్నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. కుడి మడ్‌గార్డు ఎడమదానికన్నా కాస్త బొద్దుగా ఉంది. "ముందు భాగం మొదట కట్టినప్పటిది అయ్యే అవకాశం తక్కువ. ప్రమాదం తరవాత ఎవరో మళ్ళీ చేసినట్టుంది" అని జర్మన్‌లో రాసి, రెండుసార్లు సరిచూసుకుని, సంతకం గీశాను. ఆ రోజు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను జర్మనీలోని ఇల్మెనౌలో చదువుకున్నాను. చదివింది కొలతల ఇంజనీరింగు. వెంట్రుకని నిలువునా చీల్చి ఒక్కో పాయ మందం ఎంతో చెప్పమన్నా చెప్తాం మేము, అంత గర్వం. చదువయ్యాక మ్యూనిక్‌లో పెద్ద కార్ల కంపెనీ ఉద్యోగం వస్తుందనుకుంటే రాలేదు. ఊరి చివర, ఎస్-బాన్ అనే లోకల్ రైలు దిగి పావుగంట నడిస్తే వచ్చే ఒక వర్క్‌షాపులో వచ్చింది. మ్యూజియంలో పెట్టాల్సినంత పాత కార్లని బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించే చోటది. అక్కడి పెద్దాయన్ని అందరూ మైస్టర్, అంటే మేస్త్రి, అని పిలుస్తారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ, చేతులు మాత్రం పారల్లా ఉంటాయి. నేను చేరి నాలుగు నెలలైంది. ప్రొబెట్‌సైట్ ఇంకా అవలేదు. అంటే మొదటి ఆరు నెలల్లో ఏ కారణమూ చెప్పకుండానే ఇంటికి పొమ్మనొచ్చు. బండిని ముట్టుకోకుండా లేజరు స్కానరుతో కొలిచి, అసలు ఆకారం ఎంత, ఇప్పుడున్నది ఎంత అని చెప్పడం నా పని.

ఇక ఆ బండి సంగతి. ఇటలీలో ఒక చిన్న షెడ్డులో రేసుల కోసమే కట్టారు దాన్ని. అలాంటివి వాళ్ళు కట్టినవే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఎత్తు నా నడుం దాకా కూడా రాదు. లోపలికి దూరాలంటే ముందు కాళ్ళు, తరవాత నడుము, ఆఖరికి తల. సీట్లలో మెత్త లేదు. అద్దం దించడానికి పిడి లేదు, ఓ తోలు పట్టీ ఉంది, లాగి వదలడమే. ఒళ్ళంతా అల్యూమినియం రేకు, మోచేయి ఆనిస్తే సొట్ట పడేంత పలచన. ఆ కాలపు రేసు రూళ్ళ ప్రకారం బండిలో ఒక సూట్‌కేసు పట్టే చోటు ఉండి తీరాలట. వీళ్ళు ఇంజను పక్కనే ఒక రేకు పెట్టె బిగించి, ఇదిగో చోటు అన్నారు. అందులో సూట్‌కేసు పెడితే దిగేసరికి బట్టలు ఉడికిపోతాయి. మావైపు లారీలవాళ్ళు ఫిట్‌నెస్ రోజున పక్క లారీ టైర్లు అరువు తెచ్చి బిగించినట్టుంది వ్యవహారం. అది చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను, మైస్టర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

ఎర్రగా పుట్టిందది. రెండేళ్ళు ఇటలీ కొండల్లో పరిగెత్తింది, కొన్నిట్లో గెలిచింది, కొన్నిట్లో చమురు కక్కుకుని దారిలో ఆగిపోయింది. తరవాత ఒక స్విట్జర్లాండ్ ఆసామి కొని నీలం రంగు వేయించాడు. ఈలోగా కొత్త రకం రేసుబండ్లు వచ్చేశాయి, దీన్ని పట్టించుకునే నాథుడు లేడు. అప్పుడు బవేరియాలో, అప్పుడప్పుడే ప్రాక్టీసు పెట్టిన ఒక పళ్ళ డాక్టరమ్మ కొనుక్కుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పళ్ళు పీకి, ఆదివారం కొండ రేసులో మగవాళ్ళ పరువు పీకేదట, మైస్టర్ చెప్పిన మాట ఇది. నాలుగైదు వేసవులు అలా నడిపాక గేరుబాక్సు విరిగింది. దానికి స్పేరు పార్టు ఈ భూమ్మీద దొరకలేదు. బండి ఆమె పుట్టింటివాళ్ళ గడ్డి కొట్టంలో పడుకుంది. నలభై ఏళ్ళ పైమాట.

ఆ డాక్టరమ్మ ఇప్పుడు ఎనభై దాటిన మనిషి. గేరుబాక్సు పళ్ళచక్రాలు కొత్తగా చేయించింది, ఇంజను విప్పించి కట్టించింది. ఆమె కోరిక ఒక్కటే: వచ్చే వేసవిలో పాత బండ్లకి పెట్టే కొండ రేసులో దాన్ని తనే నడిపి పైకెక్కించాలి. అమ్మదు, మ్యూజియానికి ఇవ్వదు. అయితే ఆ రేసులోకి రావాలంటే బండి అసలుదేనని పాత బండ్ల కమిటీవాళ్ళు కాగితం ఇవ్వాలి. దానికి అడ్డంగా ఒక పుకారు ఉంది. అసలు బండి రెండో ఏడాది ఒక మలుపులో బండరాయికి గుద్దుకుని తుక్కయిపోయిందనీ, ఇది తరవాత ఎవరో దాని నంబరు తగిలించి కట్టిన నకలనీ. కమిటీ ఆ మాట తేల్చమని మమ్మల్ని అడిగింది. ఇంజను నంబరు సరిపోయింది, చట్రం నంబరు సరిపోయింది. మిగిలింది రేకు. నేను స్కానరు తిప్పాను, మూతి వంకర అన్నాను. అయిపోయింది.

మైస్టర్ నా రిపోర్టు చదివాడు. నీలం టేపు తెచ్చి, మూతి ఎక్కడిదాకా కొయ్యాలో గీతలా అంటించాడు. శుక్రవారం కమిటీవాళ్ళు వస్తారు, నకలు మూతి అని తేలుస్తారు. సోమవారం దాన్ని కోసేసి, నా కొలతల ప్రకారం రెండు పక్కలూ సమానంగా కొత్త మూతి చేస్తారు. అప్పుడు బండి చూడముచ్చటగా ఉంటుంది, కాగితం మాత్రం రాదు. కొండా లేదు, రేసూ లేదు.

బుధవారం పొద్దున డాక్టరమ్మ వచ్చింది. తనే కారు నడుపుకుంటూ వచ్చింది. రిపోర్టు నిలబడే చదివింది. ఏడుస్తుందేమో, ఏం చెప్పాలా అని జర్మన్‌లో వాక్యాలు కూర్చుకుంటున్నాను.

"నువ్వేనా కొలిచింది?" అంది.

"అవునండీ."

"చేత్తో తడిమి చూశావా?"

"అక్కర్లేదండీ. మా మిషను ముట్టుకోకుండానే కొలుస్తుంది" అన్నాను, గొప్పగా.

ఆమె కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మాయీ, నేను నలభై ఏళ్ళు జనం నోళ్ళలో చేతులు పెట్టి బతికాను. ఒట్టి ఎక్స్‌రే చూసి ఒక్క పన్ను కూడా పీకలేదు" అని, నీలం టేపు మీద వేలు రాసి, వెళ్ళిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇంటిల్లిపాదీ చెప్పే మాటే. చెవులు వేడెక్కిపోయాయి. ఏమనుకుంటోంది ఈవిడ? రెండేళ్ళు కళ్ళు పోయేలా చదివి వచ్చినదాన్ని పట్టుకుని పళ్ళు పీకే కథలు చెప్తుందా? భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళాక, పులిహోర డబ్బా పక్కన పెట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను. కడుపులో మంట దించుకోవడానికి చేశాను గానీ, సలహా కోసం కాదు. సలహా అడగాలని తోచనే లేదు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్లో టింకర్. సొట్టలు తీస్తాడు, లారీ క్యాబిన్లు కొడతాడు, బస్సులకి మొహాలు చేస్తాడు. రేకూ, సుత్తీ, ఇసక సంచీ ఇస్తే ఏది కావాలంటే అది చేసిపెడతాడు. మేము ఆదివారం చర్చికి వెళ్తే పాస్టరుగారు కూడా ప్రార్థన అయ్యాక కారు డోరు చూపించేవారు. నేను ఆ షెడ్డులోనే పెరిగాను. ఆ చప్పుడులోనే ఎక్కాలు చదివాను. ఇంత ఉండీ, ఈ బండి పని మొదలుపెట్టి మూడు వారాలైనా ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నా విషయంలో ఆ మాట అక్షరాలా నిజం.

"స్తోత్రం తల్లీ! అన్నం తిన్నావా?" అన్నాడు నాన్న. వెనకాల నలుగురైదుగురు సుత్తులు మోగిస్తున్నారు.

"తిండి తరవాత. ఇక్కడ ఒక ముసలమ్మ నన్ను ఎంత మాటందో తెలుసా?" అని మొదట్నుంచీ వెళ్ళగక్కాను. పద్నాలుగు మిల్లీమీటర్లు కూడా చెప్పాను.

"బండి చూపించు" అన్నాడు.

ఫోన్ బండి చుట్టూ తిప్పాను. ఆయనకి దాని అందం పట్టలేదు. "పైన కాదే, పైన రంగు చూసి నేనేం చేసుకోను. లోపల చూపించు, మూతి కింద నుంచి" అన్నాడు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాను. లైటు పట్టుకున్నాను.

"ఆగాగు. లైటు మొహమ్మీద కొట్టినట్టు కాదు, పక్కనుంచి వెయ్యి. రేకు మీద వాలుగా పడాలి. ఆఁ. అలాగ. ఇప్పుడు మెల్లగా ఈ చివర్నుంచి ఆ చివరికి పోనీ."

లైటు పక్కకి పెట్టగానే రేకు లోపలంతా సుత్తి దెబ్బలు లేచాయి. వందలు, వేలు. మూడు వారాలు ఆ బండి పక్కనే ఉన్నాను, ఒక్కటీ చూడలేదు. మా స్కానరు పైన తిరిగింది, లోపలికి ఎందుకు చూస్తుంది?

నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. ఫోన్ ఊగుతోంది.

"ఒసేయ్ పిచ్చిమొహమా! దీన్ని ఇద్దరు కొట్టారే. ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు. మధ్యలో చూడు, అతుకు దగ్గర దెబ్బలు ఎలా ఎదురెదురుగా వచ్చి ఆగాయో. కుడిపక్క కొట్టినోడిది ఎడమచేతి వాటం. దెబ్బలన్నీ అటు వాలిపోయాయి, కనపట్టంలా? నేనూ మీ మావయ్యా బస్సు మొహం కొట్టేటప్పుడు ఎలా కూర్చునేవాళ్ళం?"

కళ్ళముందు కట్టినట్టు గుర్తొచ్చింది. మధ్యలో ఒక సుద్దగీత. ఈ పక్క నాన్నది, ఆ పక్క మావయ్యది. ఒకడి పక్కకి ఇంకొకడు సుత్తి పెట్టకూడదు. అది ఆటోనగర్ మర్యాద. గీత దాటితే పెద్ద గొడవే. కొలబద్ద లేదు, కన్నే కొలత. నాన్న పొడుగు, మావయ్య పొట్టి. నాన్న పక్క ఎప్పుడూ ఒక వేలెడు పైకి ఉండేది. బస్సు దూరం నుంచి వస్తుంటే కన్నుకొట్టినట్టు ఉండేది. "నీ బస్సు నన్ను చూసి కన్ను కొడుతోంది బావా" అని మావయ్య ఎగతాళి చేసేవాడు. ఇవన్నీ నాకు తెలుసు. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తాయి? ఇల్మెనౌలో రెండేళ్ళు కొలతలు నేర్చుకుని, మనిషి చేత్తో చేస్తే ఎలా ఉంటుందో మర్చిపోయాను.

"అయితే నాన్నా, దెబ్బ తగిలి వంకరపోయింది కాదా ఇది?"

"దానికేముంది, గ్లౌజులు తీసి బొటనవేలితో నొక్కి చూడు. దెబ్బ తిని సాగిన రేకు ఎంత సరిచేసినా నొక్కితే టప్పుమని లోపలికి పోయి, వదిలితే టప్పుమని వస్తుంది. ఇది పుట్టినప్పుడు కొట్టిన రేకైతే గమ్మునుంటుంది."

ఒట్టి చేత్తో ఆ రేకు ముట్టుకోవద్దని మైస్టర్ ఆజ్ఞ. ముట్టుకున్నాను. కుడి హెడ్‌లైటు చుట్టూ, మడ్‌గార్డు మీద, అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయాను. ఎక్కడా చప్పుడు లేదు. గట్టిగా, చల్లగా, నిబ్బరంగా ఉంది రేకు. నాకు ఏడుపొచ్చింది, కింద పడుకునే ఏడ్చాను. ఐదు రోజుల్లో ఈ మూతిని రంపంతో కోసెయ్యబోతున్నారు, నేను రాసిన కాగితం చూసి.

"ఏడవకే. తప్పు రాసినదానివి నువ్వే, ఒప్పు రాసేదానివీ నువ్వే. పోయి చెప్పు" అన్నాడు నాన్న, ఏమీ కానట్టు.

చెప్పడం అంత తేలికా? సాయంత్రం ఇంటికి వెళ్ళి నాతో పాటు గది పంచుకునే అమ్మాయికి చెప్పాను. ఆమెది కరీంనగర్, మాస్టర్స్ చదువుతోంది, నాకన్నా లోకజ్ఞానం ఎక్కువ.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ప్రొబెట్‌సైట్ల ఉండి, పోయి నేనే తప్పు జేసిన అని చెప్తవా? ఎవ్వలన్న చెప్తరానే?" అంది. "బండి ఆమెది, షాపు ఆయనది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆ కందని కొయ్యమని రాసింది నేనే కదే!" అన్నాను.

ఆమె "అయితే పో. ఉద్యోగం పోతే ఇద్దరం కలిసి ఎతుకుదం" అని లేచి రెండు కప్పుల చాయ్ పెట్టింది. ఆ చాయ్ తాగాక ధైర్యం వచ్చింది.

గురువారం పొద్దున్నే మైస్టర్ ముందు నిలబడ్డాను. రిపోర్టు తప్పన్నాను. కొలత ఒప్పే, దాన్నుంచి నేను తీసిన అర్థం తప్పన్నాను. ఇద్దరు మనుషులు, సుద్దగీత, ఎడమచేతి వాటం, బొటనవేలు, అన్నీ చెప్పాను. ఆయన మొహం మెల్లమెల్లగా ఎర్రబడింది.

"ఇది మీకు ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయన ఇంజనీరా?"

"టింకర్. లారీలు కొడతాడు."

"ఇటలీ బండ్లు చూశారా ఎప్పుడైనా?"

"నిన్న చూశాడు. ఫోన్‌లో."

ఫోన్‌లో అన్న మాట ఆయన రెండుసార్లు పలికాడు. తరవాత, "రేపు కమిటీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి ఒకరి నాన్నగారి అభిప్రాయం కాదు, రుజువు కావాలి" అని వెనక్కి తిరిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను.

"మీ చేతులు ముప్పై ఏళ్ళుగా రేకు పని చేస్తున్నాయి. మీరు కూడా ఈ బండిని ఒక్కసారి తడిమి చూడలేదు. నా కాగితం చూసి టేపు అంటించేశారు. ఇద్దరం ఒక్కలాంటి తప్పే చేశాం!" అన్నాను. నా జర్మన్‌లో ఇన్ని వ్యాకరణ దోషాలు ఎప్పుడూ పడి ఉండవు. 

రుజువు అన్నాడు కదా, రుజువే వెతుకుతాను అని డాక్టరమ్మ ఇచ్చిన కాగితాల పెట్టె ముందేసుకున్నాను. బిల్లులు, ఉత్తరాలు, ఫొటోలు. ఆ ఫొటోలన్నీ నేను ఇదివరకు చూసినవే. అందులో ఒకటి బండి నడిచిన మొట్టమొదటి రేసుది. బండరాయికి గుద్దుకుందని చెప్పే ఏడాదికి ముందుది, వెనకాల ఫొటోగ్రాఫరు తేదీ ముద్ర ఉంది. ఎవరో రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని, బండికి సరిగ్గా ఎదురుగా తీశారు. మొదటిసారి చూసినప్పుడు నేను నంబరు చూశాను, చక్రాలు చూశాను. మూతి చూడలేదు.

ఇప్పుడు చూశాను. కుడి లైటు కిందికి దిగి ఉంది. బండి నన్ను చూసి కన్ను కొడుతోంది.

ఫొటోని స్కాన్ చేసి, రెండు ముందు చక్రాల మధ్య గీత గీసి, దానికి కుడి లైటు ఎంత దిగిందో లెక్క కట్టాను. ఇదైతే నాకు వచ్చిన పనే. మా స్కానరు కొలతతో పోల్చాను. వెంట్రుకవాసి తేడా. ఆ వంకర దెబ్బతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఆ వంకర ఉంది కాబట్టే ఇది అసలు బండి. నకలు కట్టినవాడెవడైనా రెండు పక్కలూ సమానంగా కట్టి ఉండేవాడు, నాలాగే.

పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మైస్టర్ కనబడలేదు. చూస్తే బండి కింద నుంచి రెండు బూట్లు బయటికి ఉన్నాయి. లైటు పక్కనుంచి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేనూ పక్కనే గొంతుక్కూర్చున్నాను. ఎట్టకేలకు బయటికొచ్చి, ఫొటో చూసి, నా లెక్క చూసి, తల పైకెత్తకుండానే అన్నాడు.

"ఇది నా చేతికి తెలుసు. చేతిని అడగలేదు, అంతే."

లేచి, నీలం టేపు తనే పీకేశాడు. ఉండ చేసి చెత్తబుట్టలోకి విసిరాడు. నేను ఆనందం పట్టలేక "అబ్బా, నా నాయనే!" అని తెలుగులో అరిచేశాను. ఏమన్నావని ఆయన అడగలేదు.

శుక్రవారం కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు, ఇస్త్రీ కోట్లతో. నేను ఫొటో చూపించాను, లెక్క చూపించాను. అందులో ఒకాయన మొదటి రిపోర్టు బయటికి తీసి, "వారం కింద మీరే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా రాశారు కదా?" అన్నాడు.

"రాశాను. తప్పు రాశాను. బండిని ముట్టుకోకుండా రాశాను" అన్నాను.

 అప్పుడు మైస్టర్ చక్రాల పలకని కాలితో వాళ్ళ ముందుకి తోశాడు. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు కోట్లు విప్పి, పొట్టలు లోపలికి లాక్కుని, బండి కిందికి దూరారు. మూడోవాడు లోపల నుంచే "ఎడమచేతి వాటం! నిజమే!" అని కేకేశాడు. నేను మైస్టర్ వైపు చూశాను, ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. మీసం కింద నవ్వు దాగలేదు.

కాగితం ఇస్తామన్నారు. డాక్టరమ్మకి ఫోన్ చేసింది నేనే. "తడిమి చూశానండీ" అన్నాను. అటువైపు నుంచి ఆమె నవ్వు విని నా పరువు నాకు తిరిగొచ్చింది. మూతి కొయ్యలేదు. ఆ వారమే నా ప్రొబెట్‌సైట్ రద్దు చేసి పక్కా ఉద్యోగం కాగితం కూడా ఇచ్చారు. రూమ్మేట్ "తప్పు జేసినోళ్ళకు ప్రమోషన్ ఇచ్చే దేశం గిదేనా?" అని అందరికీ చెప్పుకుంది.

ఇక తుది రిపోర్టు రాయాలి. పరీక్షించినవారు అన్న చోట నా పేరు రాసి, దాని కింద నాన్న పేరు రాశాను. వృత్తి టింకర్, ఊరు విజయవాడ. మైస్టర్ చదివి, ఒక్క అక్షరం తియ్యకుండా సంతకం పెట్టాడు. ఎగిరి గంతేస్తాడని నాన్నకి ఫొటో తీసి పంపాను. ఆయన ఫోన్ చేసి విసుక్కున్నాడు.

"నా పేరెందుకే అందులో? నేనేం చేశాను, ఫోన్‌లో చూశాను. ఆ కొట్టినోళ్ళిద్దరి పేర్లు రాశావా?"

రాయలేదు. రాయడానికి తెలియవు. ఆ బండి చరిత్ర నా టేబుల్ మీద ఇంత లావున ఉంది. నడిపినవాళ్ళ పేర్లున్నాయి, కొన్నవాళ్ళ పేర్లున్నాయి, ఇంజను గీసిన ఇంజనీరు పేరుంది, ఆఖరికి నీలం రంగు వేయించిన ఆసామి పేరు కూడా ఉంది. నెలల తరబడి ఆ రేకు కొట్టిన ఇద్దరి పేర్లూ ఎక్కడా లేవు. ఇటలీకి రెండు ఉత్తరాలు రాశాను, ఆ షెడ్డే లేదని జవాబొచ్చింది.  అందుకని రిపోర్టు చివర రెండు వాక్యాలు చేర్చాను, కమిటీవాళ్ళు వాటిని బండి కాగితంలోకి అలాగే దించుకున్నారు.

రేసు రోజు ఆదివారం. కొండ కింద జనం బారులు తీరారు. అక్కడ ఒక పద్ధతి ఉంది, ప్రతి బండీ గీత మీదికి రాగానే దాని కాగితంలోని చరిత్ర మైకులో చదువుతారు. డాక్టరమ్మ తెల్ల హెల్మెట్ పెట్టుకుని గీత మీద బండి నిలబెట్టింది. ఆ ఇంజను చప్పుడు నా పక్కటెముకల్లో తెలుస్తోంది. నాన్నకి కాల్ చేసి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. మైకు మనిషి గెలిచిన రేసులు చదివాడు, నడిపినవాళ్ళ పేర్లు చదివాడు. ఆఖరికి, "ఈ బండి ఒంటిని ఇద్దరు పనివాళ్ళు చెరో పక్కా కూర్చుని చేత్తో కొట్టి చేశారు. వాళ్ళ పేర్లు మనకి తెలియవు" అని చదివి ఆగాడు. ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తరవాత కొండ మొదలంతా చప్పట్లే. ఏ బండికీ అన్ని చప్పట్లు రాలేదు.

నాన్నకి తెలుగులో చెప్పాను, అరిచి చెప్పాను.  

"విన్నాన్లే" అన్నాడు. "ఇంకేం చూస్తారే, పోనివ్వమను."

డాక్టరమ్మ పోనిచ్చింది. వంకర మూతి పైకి పెట్టుకుని బండి మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, తనకన్నా ముందు బయల్దేరిన పచ్చబండిని మూడో మలుపులో దాటేసింది. పక్కన మైస్టర్ "హోయ్!" అని టోపీ గాల్లోకి విసిరాడు. నేను గొంతు పోయేలా కేకలు పెట్టాను. బండి చెట్ల వెనక్కి పోయింది, చప్పుడు మాత్రం కొండ పైదాకా వినబడుతూనే ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే అటువైపు అంతా నిశ్శబ్దం. ఆదివారమైనా అర్జెంటు పనిమీద తెరిచిన షెడ్డులో, అందరిచేతా సుత్తులు కింద పెట్టించి వింటున్నాడు నాన్న.